పాత తొట్టిలో కొత్త సముద్రం

ఇంట్లో పగడపు దిబ్బలాంటి ఉప్పునీటి తొట్టి పెట్టాలని మొదటిసారి అనుకునేవాళ్ళలో చాలామంది వాడిన అక్వేరియంతోనే మొదలుపెడతారు. సగం ధరకే గాజు, స్టాండు, పంపులు, ఒక్కోసారి చేపలు కూడా వచ్చేస్తాయి. వాటితోపాటు కంటికి కనిపించనివి కూడా కొన్ని వస్తాయి. కొనేముందు తెలుసుకోవాల్సింది వాటి గురించే.

నాకు ఆ సంగతి ముందుగా నత్తలు చెప్పాయి.

ఒక రాత్రి పదింటికి, నేను కొన్న పాత తొట్టిలో మూడు టర్బో నత్తల్ని వదిలాను. సముద్రపు తొట్టి పెట్టేవాళ్ళు చేపలకంటే ముందు తెచ్చుకునే ప్రాణి ఇది. గాజుకు పట్టిన నాచును నాకుతూ తిరుగుతుంది. నిమ్మకాయంత గుల్ల, దాని కింద మెత్తటి పాదం. వదిలిన కాసేపటికే గాజెక్కడం దాని అలవాటు. ఇవి ఎక్కలేదు. తెల్లారి చూస్తే మూడూ ఇసుక మీద వెల్లకిలా పడున్నాయి. ఒకదాన్ని వేళ్ళతో పట్టి నిలబెట్టాను. పాదం కొంచెం బయటికి చాచింది, పక్కనున్న రాయిని తడిమింది, పట్టు దొరక్క మళ్ళీ ఒరిగిపోయింది. మధ్యాహ్నానికి మూడింటి గుల్ల మూతలూ ఊడి వేలాడుతున్నాయి.

ఉప్పు శాతం సరిగ్గానే ఉంది. వేడిమీ సరిగ్గానే ఉంది. అమ్మోనియా సున్నా. ఇక మిగిలింది ఒకటే అనుమానం. దుకాణానికి వెళ్ళి రాగిని కనిపెట్టే పరీక్ష కిట్టు తెచ్చి, గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి చుక్కలు వేశాను. రంగు మారింది. చేపకు ఏమీ కాని పాటి రాగి అది. నత్తకు, రొయ్యకు, పగడానికి ఆ పాటి చాలు.

ఆ తొట్టిని మారేడుపల్లిలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. రిటైరై కొడుకు దగ్గరికి పుణె వెళ్ళిపోతూ, ఎంతో ఇష్టంగా చూసుకున్న తొట్టిని రాళ్ళతో, ఇసుకతో సహా ఇచ్చేశారు. ఆయనకు ఫోన్ చేశాను.

"సార్, ఈ ట్యాంకులో ఎప్పుడైనా మందు వాడారా?"

"వాడాం బాబూ. మూడేళ్ళ కిందట చేపలకు తెల్లమచ్చలొస్తే నీలం మందు వేశాం. అప్పుడు చేపలు మాత్రమే కదా ఉన్నది. ఒక్కటీ పోలేదు. ఎందుకు బాబూ, ఏమైనా అయిందా?"

ఆయన దాచిందేమీ లేదు. అడగనిది నేను. స్టాండు చెక్క గట్టిదా అని అడిగాను, పంపు వారంటీ అడిగాను, వెయ్యి రూపాయలు తగ్గించమని అడిగాను. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అటేడు తరాలు ఇటేడు తరాలు ఆరా తీస్తాం. ప్రాణుల్ని పెట్టబోయే తొట్టి గురించి మాత్రం దాని గతమేమిటని ఒక్క మాట అడగలేకపోయాను.

ఆ నీలం మందులో ఉండేది రాగి. తోటల్లో బోర్డో మిశ్రమం కలిపే రైతుకు మైలతుత్తం తెలుసు కదా, దాని జాతిదే. సముద్రపు చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు తెచ్చే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవిని అది చంపుతుంది. వెన్నెముక లేని ప్రాణుల్లో చాలావాటిని కూడా చంపుతుంది. తొట్టిలోని రాళ్ళు, పగడపు ఇసుక సున్నపు జాతివి. అవి రాగిని పట్టి ఉంచుకుంటాయి. నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా, చాలాకాలం పాటు, కొంచెం కొంచెంగా మళ్ళీ నీటిలోకి వదులుతాయి.

రాయే యంత్రం

మంచినీటి తొట్టి పెట్టినవాళ్ళకు రాయంటే అలంకారం. ఉప్పునీటి తొట్టిలో రాయే శుద్ధి యంత్రం. ఇది ఎలా బయటపడిందో చెప్పుకోవాలి, ఎందుకంటే పాత తొట్టి బేరమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

చాలాకాలం సముద్రపు చేపల్ని పెంచేవాళ్ళు తొట్టిని ఆసుపత్రి గదిలా ఉంచేవాళ్ళు. బ్లీచింగులో తెల్లబరచిన పగడపు అస్థిపంజరాలు అలంకారానికి పెట్టి, అవి పచ్చబడితే తీసి మళ్ళీ కడిగేవాళ్ళు. చేపలు ఎంతోకాలం బతికేవి కావు. ఇండొనేసియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన దీన్ని తలకిందులు చేశాడు. సముద్రంలోంచి తెచ్చిన రాళ్ళను, వాటి మీది నాచు, పురుగు పుట్రతో సహా అలాగే తొట్టిలో పెట్టి, సన్నగా గాలి బుడగలు వదిలి, మిగతాది ప్రకృతికే వదిలేశాడు. 1961లో ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతి గురించి రాశాడు. ఆ తర్వాత జర్మనీలో, ముఖ్యంగా బెర్లిన్‌లో, ఔత్సాహికులు దానికి గట్టి వెలుతురునూ నురగ తీసే స్కిమ్మర్‌నూ కలిపారు. నేటికీ దాన్ని బెర్లిన్ పద్ధతి అనే అంటారు.

రాయి లోపల జరిగేది ఇది. చేప విసర్జించినదీ, తినగా మిగిలినదీ కుళ్ళి అమ్మోనియా అవుతుంది. రాయి పైపొరలో ఉండే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. రాయి లోలోపల, ప్రాణవాయువు అందని సందుల్లో ఉండేవి ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువు చేసి గాల్లోకి పంపేస్తాయి. ఈ బాక్టీరియా రాయినీ ఇసుకనూ అంటిపెట్టుకుని ఉంటాయి. నీళ్ళలో ఉండేది నామమాత్రం. అందుకే "రెండేళ్ళుగా నడుస్తున్న నీళ్ళు సార్, ఇవి కూడా పట్టుకెళ్ళండి" అని అమ్మేవాళ్ళు చెప్పే మాటకు విలువ కట్టక్కర్లేదు. ఆ నీటితో వచ్చేది పేరుకుపోయిన నైట్రేటే.

రాయికి మాత్రం విలువ ఉంది, దాని గతం మంచిదైతేనే. మందు తగలని రాయి, ఎప్పుడూ ఎండనివ్వని రాయి, ఊదారంగు సున్నపు నాచు పట్టిన రాయి దొరికితే నెలల కాలం కలిసొస్తుంది. గతం తెలియని రాయి రాగినే కాదు, ఫాస్ఫేట్‌ను కూడా మోసుకొస్తుంది. ఏళ్ళ తరబడి ఎక్కువ మేత వేసిన తొట్టిలో రాయి ఫాస్ఫేట్ తాగి ఉంటుంది. కొత్త ఇంట్లో అది మెల్లగా బయటికొస్తుంటే, ఎంత శుభ్రం చేసినా జుట్టులాంటి పచ్చనాచు పెరుగుతూనే ఉంటుంది. తప్పు తమదే అనుకుని విసిగి ఆ తొట్టిని మళ్ళీ అమ్మకానికి పెట్టినవాళ్ళు నాకు తెలుసు. కొన్నవాళ్ళు ఆ రాళ్ళతోనే మళ్ళీ మొదలుపెడతారు.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది ప్రాణం మీదికి వచ్చేది. పాత రాళ్ళను శుభ్రం చేయడానికి మరిగే నీళ్ళలో వేయమని ఎవరైనా సలహా ఇస్తారు. ఎప్పుడూ చేయకండి. పాలితోవా అనే గుండీల్లాంటి మెత్తని ప్రాణుల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే విషముంటుంది. ప్రకృతిలో దొరికే అత్యంత తీవ్రమైన విషాల్లో అదొకటి. అవి పట్టిన రాయిని ఉడకబెడితే ఆవిరితోపాటు అది గాల్లోకి లేస్తుంది. అలా వంటింట్లో రాయి ఉడికించి, ఇంటిల్లిపాదీ ఊపిరాడక ఆసుపత్రి పాలైన ఘటనలు విదేశాల్లో జరిగాయి. పాత రాళ్ళను చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకునే ముట్టుకోవాలి. బ్రష్షుతో గట్టిగా రుద్ది తుంపర్లు మొహాన పడేలా చేయకూడదు.

టార్చిలైటు, రసమట్టం, పాత న్యూస్‌పేపర్లు

తొట్టి చూడ్డానికి పగలు వెళ్ళండి. ఈ మూడూ పట్టుకెళ్ళండి.

టార్చిని గాజు మూల దగ్గర పెట్టి, రెండు పలకలు కలిసే చోట సిలికాన్ అతుకును పైనుంచి కిందికి నిదానంగా చూడండి. నేను రెండో తొట్టి చూడ్డానికి ఉప్పల్ వెళ్ళినప్పుడు వెనక మూలలో, అడుగు నుంచి జానెడు ఎత్తులో, అతుకు లోపల చిన్న చిన్న బుడగలు వరసగా కనిపించాయి. వాటి పక్కన సన్నటి పచ్చగీత. నాచు సిలికాన్ కిందికి దూరిందన్నమాట. నాచు దూరిన దారిలో నీళ్ళు కూడా వస్తాయి. అమ్మే కుర్రాడికి చూపిస్తే నిజాయితీగా ఒప్పుకున్నాడు. "అన్నా, నేను కొన్నప్పటి నుంచీ అట్లనే ఉంది, కారలేదు" అన్నాడు. కారి ఉండకపోవచ్చు. కానీ ఖాళీ చేసి, లారీలో కుదిపి, మళ్ళీ నింపాక అదే అతుకు అలాగే నిలబడుతుందన్న భరోసా లేదు. లోపలి వైపున్న సన్నటి పట్టీ గోటితో గీస్తే లేచిపోతే అది పైపూత పోవడం. రెండు గాజుల నడుమ బుడగలుంటే అసలు బంధమే సడలినట్టు. రెండోది కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు.

అతుకు మళ్ళీ వేయించుకోవచ్చు కదా అంటారు. వేయించుకోవచ్చు, కానీ పాత సిలికాన్‌కు కొత్త సిలికాన్ అంటదు. చిల్లు కనిపించిన చోట పూస్తే లాభం లేదు, మొత్తం బ్లేడుతో గీకి తీసి మళ్ళీ వేయాలి. బాత్రూముల్లో వాడే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ అస్సలు వాడకూడదు, ఆ మందు తొట్టిలోని ప్రాణుల్ని చంపుతుంది. గాజు పనివాడి దగ్గర కూర్చుని ట్యూబు మీది అక్షరాలు మీరే చదవండి.

గీతలు పెద్ద బాధ కాదు. లోపలి గీతలు నీళ్ళు పోశాక చాలావరకు కనిపించవు. అంచుల్లో పెచ్చు లేచిందా అన్నది చూడాలి. పగులు అక్కడినుంచే పాకుతుంది. తొట్టి కింద పెట్టే సంప్‌కు గొట్టం దించడానికి చిల్లు పెట్టిస్తామనుకుంటే, అది టెంపర్డ్ గాజు కాదని ఖాయం చేసుకోండి. టెంపర్డ్ గాజుకు డ్రిల్లు తగిలిందంటే పలకంతా పొడిపొడి అవుతుంది.

ఇక నీళ్ళు పోసి చూడటం. వీలైతే అమ్మేవాళ్ళ ఇంట్లోనే నిండా నడుస్తుండగా చూడండి. ఎండబెట్టి బాల్కనీలో పడేసిన తొట్టయితే తెచ్చాక డాబా మీదో, వాకిట్లోనో నింపండి. రసమట్టం పెట్టి నాలుగు వైపులా సమంగా ఉందో లేదో చూసి, అడుగున ఫ్రేము లేని తొట్టయితే కింద థర్మాకోల్ షీటు వేసి, పావు వంతు చొప్పున పోసి ఆగుతూ నింపండి. చుట్టూ న్యూస్‌పేపర్లు పరచండి. నేలమీద కనిపించని చెమ్మ కాగితం మీద మచ్చగా కనిపిస్తుంది. కనీసం రెండు రోజులు, ఓపికుంటే వారం అలాగే ఉంచండి. నేను వారం ఉంచాను. నాలుగో రోజు కాగితం ఒక మూల తడిసింది. అది కాకి తన్నిన చెంబులోని నీళ్ళని తేలేదాకా నాకు నిద్ర పట్టలేదు.

బరువు సంగతి ముందే లెక్కేసుకోవాలి. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు తొట్టి అంచుదాకా 450 లీటర్లు పడుతుంది. 12 మిల్లీమీటర్ల గాజుతో చేసిన తొట్టి ఖాళీగానే 80 కిలోలు దాటుతుంది. రాళ్ళు, ఇసుక, స్టాండు కలిపితే 600 కిలోల పైమాట, అదీ 8 చదరపు అడుగుల జాగాలో. మన ఇళ్ళలో గది శ్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం లెక్కతో కడతారు. అందుకే గది నడుమ పెట్టకూడదు. కింద దూలం ఉన్న గోడవారగా పెట్టాలి. పాత అపార్ట్‌మెంటు అయితే ఇంజనీర్ని ఒక మాట అడగడం మేలు. మొదటిసారి పెట్టేవాళ్ళకు నా సలహా 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. సుమారు 190 లీటర్లు. బల్ల మీది బుల్లి తొట్టి చవకే కానీ, చిన్న నీటిలో ప్రతి పొరపాటూ పెద్దదవుతుంది.

ఏది తీసుకోవచ్చు, ఏది వద్దు

స్కిమ్మర్ ఉంటే తీసుకోండి. కదిలే భాగం ఒక్క పంపే కాబట్టి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అల ఒడ్డుకు కొట్టినప్పుడు తెల్లగా నురగ మిగులుతుంది కదా, ఆ పనే గొట్టంలో చేయిస్తుంది ఇది. సన్నటి బుడగలకు అంటుకుని మురికి పైకి తేలి గిన్నెలో పడుతుంది. పంపుల్ని నీళ్ళు కలిపిన వెనిగర్‌లో నానబెడితే పట్టిన సున్నం కరిగి మళ్ళీ కొత్తవాటిలా తిరుగుతాయి. దేనికీ సబ్బు తగలనివ్వకండి.

ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతున్నాయి కదా అని తృప్తి పడొద్దు. ఫ్యాను తిరుగుతోందా, లోపల ఉప్పు పట్టి తుప్పు లేచిందా, నీలం బల్బులన్నీ వెలుగుతున్నాయా అని విడివిడిగా వేయించి చూడాలి. పగడాల ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు ఆ వెలుతురుతోనే ఆహారం తయారు చేస్తాయి.

నీళ్ళను చల్లబరిచే చిల్లర్ దగ్గర మాత్రం గంటసేపు కూర్చోండి. హైదరాబాద్‌లో, విజయవాడలో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పగడపు తొట్టి నీళ్ళు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి కొన్ని రోజులుంటే పగడం తన ఒంట్లోని శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబారిపోతుంది, తిండి లేక చస్తుంది. సముద్రాల్లో పెద్దయెత్తున జరుగుతున్నదీ ఇదే. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం ఇది నాలుగోసారని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పాత చిల్లర్‌ను నడుస్తున్న తొట్టికి కలిపి, గంటలో ఎన్ని డిగ్రీలు దించిందో థర్మామీటరుతో చూడండి. లోపలి గొట్టం టైటానియందేనా అని అడగండి. మంచినీటి కోసమో, సొంతంగా ఇంట్లోనో తయారు చేసిన వాటిలో రాగి గొట్టం ఉండొచ్చు. ఉప్పునీరు దాన్ని తింటూ తొట్టిలోకి రాగిని దింపుతుంది. ఇత్తడి కొళాయిలు, బిగింపులు కూడా అంతే.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. 300 వాట్ల చిల్లర్ రోజుకు పది గంటలు నడిస్తే మూడు యూనిట్లు. ఎండాకాలమంతా అలాగే. ఉప్పు పేరుకున్న పాత ఎక్స్‌టెన్షన్ బోర్డులు మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. తొట్టికి వేరే లైను, దానికి షాకు నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఉప్పునీళ్ళలో చేయి పెట్టే పని రోజూ ఉంటుంది.

సగం వాడిన పరీక్ష కిట్లు, గడ్డ కట్టిన ఉప్పు, పాత ఆర్వో మెంబ్రేన్లు అక్కడే వదిలేయండి. పాత ఇసుక కూడా. కదిలిస్తే కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే ఆ ఇసుకలో ఏళ్ళ మురికి దాగి ఉంటుంది.

ప్రాణమున్నవాటికి కాగితాలు

"చేపలు, పగడాలు ఉచితం" అని ప్రకటనలో ఉంటే అక్కడ ఆగి ఆలోచించాలి.

మన దేశంలో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, అగ్ని పగడాలు, ఆర్గన్ పైప్ పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. 2001లో చేర్చారు. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. నీటిగుర్రాలకు కూడా ఆ చట్టం రక్షణ ఉంది. అమ్మినా, కొన్నా, దగ్గరుంచుకున్నా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు జైలు పడవచ్చు. వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని విదేశీ ప్రాణుల్ని పెంచుకునేవాళ్ళు వాటిని ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి. చేతులు మారితే అదీ చెప్పాలి. అందుకే ప్రాణంతో ఉన్నది ఏదైనా కాగితం లేకుండా ఇంటికి తేవద్దు. ఏ జాతో, ఎక్కడిదో తెలియకపోతే అటవీశాఖ వాళ్ళను అడగండి. నా తొట్టిలో ఈరోజుకీ గట్టి పగడం ఒక్కటీ లేదు. దాని కోసం ఎవరో మన్నార్ సింధుశాఖలో ఉలి పట్టుకుని మునగడం నాకు ఇష్టం లేదు.

ఈ మోజు తీరాల్ని ఏం చేస్తుందో లోకం ఒకసారి చూసింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో అక్వేరియం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు అక్వేరియం మీద పుస్తకం రాశాడు. ఇంగ్లండ్‌లో ఇంటింటా సముద్రపు తొట్టి పెట్టాలన్న ఊపు లేచింది. జనం బుట్టలు పట్టుకుని రాతి మడుగుల మీద పడి ఉన్నదంతా ఊడ్చుకెళ్ళారు. ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో రాసిన జ్ఞాపకాల్లో, తండ్రి పుస్తకాలే ఆ తీరాల నాశనానికి దారి తీశాయని బాధపడ్డాడు. వాడిన తొట్టి కొనడంలో నాకు నచ్చేది ఇక్కడే ఉంది. కొత్తగా ఏదీ సముద్రంలోంచి తీయక్కర్లేదు. చేపలు కావాలంటే హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలున్నాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే వాటిని పొదిగించి పెంచే పద్ధతులు సాధించింది.

అమ్మేవాళ్ళ క్లౌన్ జంటను తీసుకుంటే, ఎంతకాలానికి మాటిస్తున్నారో తెలుసుకుని తీసుకోండి. తొట్టిలో అవి పదేళ్ళకు పైగా బతుకుతాయి. అన్నీ మగవిగానే పుడతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. స్కాట్లండ్‌లో జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో తీరంలోంచి ఒక సముద్రపు ఎనిమోన్ తెచ్చి గాజు సీసాలో పెట్టాడు. 1851లో ఆయన పోయాడు. అది మిగిలింది. స్నేహితుల చేతి నుంచి చేతికి మారుతూ, ఎడిన్‌బరాలో "గ్రానీ" అని పేరు తెచ్చుకుని, 1887 దాకా బతికింది. సుమారు అరవై ఏళ్ళు. చేతులు మారిన ప్రతిసారీ కొత్తవాళ్ళు దాని నీళ్ళు మార్చడం ఆపలేదు కాబట్టే బతికింది.

తెచ్చే రోజు

తొట్టిని నీళ్ళతో, రాళ్ళతో ఎప్పుడూ కదపకండి. అరచేతి లోతు నీళ్ళున్నా ఆటో ట్రాలీ కుదుపుకు అడుగు పలక చిట్లుతుంది. ముందు రాళ్ళు తీసి మూతలున్న బకెట్లలో అదే ఉప్పునీళ్ళలో మునిగేలా పెట్టాలి. రాయి గాలికి ఎండితే దానిమీది ప్రాణులు చచ్చి, మీ ఇంట్లో అమ్మోనియాగా బయటికొస్తాయి. చేపల్ని చివర్లో పట్టి, బ్యాటరీ గాలి పంపు పెట్టిన డబ్బాలో తేవాలి. ఖాళీ తొట్టిని కింద థర్మాకోల్, చుట్టూ పాత దుప్పట్లు వేసి నిలబెట్టి తేవాలి, నలుగురు మనుషులుండాలి. ఏప్రిల్, మే నెలల్లో అయితే తెల్లవారుజామునే.

కొత్త ఉప్పునీళ్ళు ముందు రోజే సిద్ధంగా ఉండాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు, అంటే 200 లీటర్లకు 7 కిలోల సాల్ట్ మిక్స్. నీళ్ళలో ఉప్పు వేసి పంపుతో కలపాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. మా ఇంటి బోరు నీళ్ళ టీడీఎస్ వందల్లో ఉంటుంది, అందులోని నైట్రేటు, సిలికేటు నాచుకు మేత. ఆర్వోకు డీఐ రెజిన్ జోడించి టీడీఎస్ సున్నా చేసిన నీళ్ళే వాడాలి. విశాఖలో, కాకినాడలో ఉన్నవాళ్ళు సముద్రం పక్కనే ఉంది కదా అనుకుంటారు. వానాకాలం గోదావరి, కృష్ణ, మహానది నీళ్ళు కలిసి బంగాళాఖాతం పైనీటి ఉప్పు పడిపోతుంది. ఒడ్డు నీటిలో ఊరి మురుగు సరేసరి. ఇక తొట్టిలోంచి ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. అందుకే తగ్గినంతా ఉప్పులేని శుద్ధమైన నీటితో నింపాలి. కొత్తవాళ్ళు ఉప్పునీళ్ళు కలుపుతూ పోయి నెలలోనే సముద్రం కంటే ఉప్పెక్కిస్తారు.

ఆ తర్వాత ఆగాలి. కొత్త రాళ్ళతో మొదలుపెడితే బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కదిలించి తెచ్చిన పాత రాళ్ళయినా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి నిలబడేదాకా ఏ ప్రాణినీ వదలకూడదు. వాడిన తొట్టి కొన్నవాళ్ళకు ఈ ఆగడమే కష్టం. అన్నీ సిద్ధంగా వచ్చినట్టే కనిపిస్తుంది కాబట్టి ఆ సాయంత్రమే చేపలు వేయాలనిపిస్తుంది.

మారేడుపల్లి తొట్టిని నేను పారేయలేదు. రాళ్ళూ ఇసుకా తీసేశాను, ఇంకెవరి పగడపు తొట్టిలోకీ వెళ్ళకుండా మట్టిలో పూడ్చాను. గాజును వెనిగర్‌తో కడిగి, ఉప్పునీళ్ళు నింపి, కార్బన్ సంచి పెట్టి, నీళ్ళు మారుస్తూ, రాగి పరీక్ష వరసగా మూడుసార్లు ఏమీ చూపించనప్పుడు కొత్త రాళ్ళు పెట్టాను. ఇంకో ఆరు వారాలు. ఒక రాత్రి ఒకే ఒక్క టర్బో నత్తను ఇసుక మీద ఉంచి, లైటు ఆర్పి, పక్కనే కుర్చీ వేసుకున్నాను. ముందు రెండు మీసాలు బయటికొచ్చాయి. పాదం గాజును తాకి, చప్పిడిగా అంటుకుని, అల పాకినట్టు పైకి జరిగింది. తెల్లవారేసరికి నీటి అంచుకు చేరి, దాని వెనక గాజు మీద ఒక తెల్లటి దారి మిగిలింది.

మీరు కూడా ఏదో ఒక ప్రకటన చూసి బయల్దేరబోతుంటే, బేరం మొదలుపెట్టకముందే ఒక్క ఫోన్ చేయండి. ఈ తొట్టిలో ఎప్పుడైనా రాగి మందు వేశారా అని అడగండి. వేశామన్నా, తెలియదన్నా, రాళ్ళూ ఇసుకా అక్కడే వదిలేసి గాజు మాత్రం తెచ్చుకోండి.